పాడైతే ఏ వైపుకు పాడవుతుంది?

ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, స్నేహితుల స్నేహితులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "వీటిలో అన్నిటికంటే భద్రమైనది ఏది?" పాస్‌వర్డ్‌లు దాచే యాప్ గురించి కావచ్చు, ఫోటోలు పెట్టుకునే క్లౌడ్ గురించి కావచ్చు, కొత్తగా కొనబోయే ఫోను గురించి కావచ్చు. అడిగినవాళ్ళకు ఒక్క పేరు చెబితే చాలు. నేను పేరు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాను: "అది పాడైతే నీకు ఏమవుతుంది?" అందుకే నన్ను రెండోసారి అడిగేవాళ్ళు తక్కువ.

నాది సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. తయారుచేసినవాళ్ళు అది ఎంత బాగా పనిచేస్తుందో చూపిస్తారు. ఎన్ని విధాల చెడిపోగలదో వెతికిపెట్టడం నా పని. ఏళ్ళ తరబడి అదే చేస్తే చూపు అలాగే స్థిరపడిపోతుంది. ఏ తాళమైనా రెండు వైపులకు పాడవుతుంది. ఎవరు తోసినా తెరుచుకునేలా పాడవడం ఒకటి. సొంతదారు తాళంచెవి పెట్టి ఎంత తిప్పినా తెరుచుకోకుండా పాడవడం మరొకటి. ఆన్‌లైన్ భద్రత మీద వచ్చే సలహాలు దాదాపు అన్నీ మొదటి రకం గురించే. నేను దగ్గరగా చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం రెండో రకానివి. వాటిలో హ్యాకర్ ఎవరూ లేరు. మనిషి తన ఖాతా బయట తానే నిలబడిపోయాడు, అంతే.

రెండో రకానికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్. 7,002 బిట్‌కాయిన్లను వాడటానికి కావలసిన రహస్య కీలను ఆయన ఐరన్‌కీ అనే ఎన్‌క్రిప్టెడ్ డ్రైవులో, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని డ్రైవులో దాచుకున్నాడు. దాని పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం ఎక్కడో పోయింది. పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ డ్రైవు లోపలున్నదాన్ని ఇక ఎవరికీ అందనివ్వదు. 2021 జనవరిలో ఈ సంగతి పత్రికలకెక్కేనాటికి ఎనిమిది ప్రయత్నాలు అయిపోయాయి. ఇందులో ఆ పరికరం తప్పేమీ లేదు. పరీక్షించమని నాకిచ్చినా అన్ని పరీక్షల్లోనూ నెగ్గిందనే రాసేదాన్ని. యజమాని, దొంగ అనే తేడా దానికి తెలియదు. పాస్‌వర్డ్ తెలిసినవాడు, తెలియనివాడు, ఈ ఇద్దరే దాని లోకంలో ఉన్నారు.

మనకు బిట్‌కాయిన్లు లేకపోవచ్చు. అలాంటి తాళాలు మాత్రం మన ఫోన్లలో చాలానే ఉన్నాయి.

పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణకు వాడే కోడ్ల యాప్‌నే చూడండి. ఖాతాలో దాన్ని మొదటిసారి పెట్టుకునేటప్పుడు తెర మీద ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, ఫోనుతో స్కాన్ చేస్తాం. ఆ కోడ్‌లో ఉన్నది ఒక రహస్యమైన అక్షరాల వరుస. ఒక ప్రతి ఆ సంస్థ సర్వర్లో ఉంటుంది, ఇంకొకటి మన ఫోన్లోకి వస్తుంది. ఆ తర్వాత వాటికి ఒకదానితో మరొకదానికి మాటలతో పని లేదు. రెండూ ఆ రహస్యాన్నీ, గడియారంలోని సమయాన్నీ కలిపి ఒకే లెక్క కడతాయి. సాధారణంగా 30 సెకన్లకొకసారి ఆరంకెల కోడ్ పుడుతుంది. ఈ పద్ధతి 2011లో ఆర్ఎఫ్‌సీ 6238 అనే ప్రమాణ పత్రంగా వచ్చింది. సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, ఫోను విమానం మోడ్‌లో ఉన్నా కోడ్ వస్తుంది. దొంగ మన నంబరు కొట్టేసినా అతనికి ఏమీ రాదు. ఇంత ముచ్చటైన ఏర్పాటు నా వృత్తిలో తరచుగా కనబడదు.

మరి ఇది ఎలా పాడవుతుంది? ఫోనుతో పాటు రహస్యం కూడా పోతుంది. కొత్త సిమ్ తీసుకుంటే నంబరు తిరిగి వస్తుంది, రహస్యం రాదు.

నాతో పనిచేసే ఒక కుర్రవాడు కొత్త ఫోను కొని, పాతదాన్ని పూర్తిగా చెరిపేసి అమ్మేశాడు. చెరిపేయడం మంచి పనే, అందరూ చెప్పేదే. కొత్త ఫోనులోకి ఫోటోలు వచ్చాయి, నంబర్లు వచ్చాయి, యాప్‌లన్నీ ఉన్న చోట ఉన్నట్టే వచ్చాయి. కోడ్ల యాప్ కూడా వచ్చింది. తెరిస్తే లోపల ఏమీ లేదు, "మొదటి ఖాతాను జోడించండి" అన్న మాట తప్ప. మర్నాడు ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చుని ఒక్కొక్క ఖాతా ప్రయత్నించాడు. ఈమెయిల్ తెరవాలంటే కోడ్ కావాలి. మిగతా ఖాతాల కోడ్ తీసేయమని అడగాలంటే ఆ సంస్థలు ఈమెయిల్‌కే లింకు పంపుతాయి. సహాయ కేంద్రానికి ఫిర్యాదు రాయబోతే, ముందు లాగిన్ అవ్వమంది. ఆ పేజీని అతను చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. కొన్ని ఖాతాలు వారాల తర్వాత వచ్చాయి, కొన్ని రానే లేదు. అతని మీద ఏ దాడీ జరగలేదు. భద్రత గురించి చెప్పిన సలహాలన్నీ పాటించినవాడు అతను.

ఇలాంటి కోడ్ల యాప్ అయిన గూగుల్ ఆథెంటికేటర్ 2010లో వచ్చింది. చాలా ఏళ్ళు రహస్యాలను ఫోను దాటనిచ్చేది కాదు. 2020లో ఆండ్రాయిడ్‌లో ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు మార్చుకునే వీలు పెట్టారు, అది కూడా పాత ఫోను చేతిలో ఉంటేనే. చివరికి 2023 ఏప్రిల్‌లో గూగుల్ ఖాతాలో దాచుకునే సదుపాయం ఇచ్చారు. ఇచ్చిన కొద్ది రోజులకే, ఆ దాచుకోవడంలో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మనం తప్ప దాచే సంస్థ కూడా చదవలేని ఏర్పాటు) లేదని పరిశోధకులు ఎత్తిచూపారు. రెండు వాదనలూ సరైనవే, చిక్కల్లా అక్కడే ఉంది. రహస్యం ఫోను దాటకపోతే ఫోనుతోనే పోతుంది. దాటితే దాన్ని దాచినవాళ్ళను నమ్మాలి. ఈ రెంటిలో ఏది నయమో యాప్ తయారుచేసినవాళ్ళు మన తరఫున తేల్చలేరు.

నేను ఖాతాలో దాచుకునే వైపే ఉన్నాను. దానికి తోడు కాగితం ఉంది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకునేటప్పుడు చాలా సంస్థలు, ఫోను పోయినా లోపలికి రావడానికి పనికొచ్చే రికవరీ కోడ్లు పది పన్నెండు ఇస్తాయి. అందరూ "తర్వాత" అన్న బొత్తాం నొక్కి దాటేసే పేజీ అదే. నేను వాటిని చేత్తో రాసుకుంటాను. పైన ఏ ఖాతావో, ఏ తేదీన తీసుకున్నానో ఉంటుంది. సున్నాకు అడ్డగీత పెడతాను, లేకపోతే అది సున్నానో, ఇంగ్లిషు ఓ అక్షరమో తేల్చుకోలేం. ఒకటికీ, చిన్న ఎల్ అక్షరానికీ తేడా తెలిసేలా ఎల్ కింద తోక తీస్తాను. వాడేసిన కోడ్‌ను కొట్టేస్తాను. కొత్త జాబితా తీసుకుంటే పాతది చెల్లదు కాబట్టి పాత కాగితం చించేస్తాను. ఈ కాగితం సర్టిఫికెట్ల ఫైలులో ఉంటుంది. ఇంట్లోకి వచ్చినవాళ్ళు చదవగలరు, నిజమే. ఇంట్లోకి వచ్చేవాళ్ళు ఎవరో నాకు తెలుసు. ఇంటర్నెట్‌లోకి వచ్చేవాళ్ళు ఎవరో తెలియదు.

ఎస్ఎంఎస్ ఓటీపీ అంటే భద్రతా నిపుణులకు చిన్నచూపు. కారణాలు గట్టివే. మన నంబరు మన జేబులోని సిమ్ సొత్తు కాదు, టెలికాం సంస్థ రికార్డుల్లో ఒక వరుస. అక్కడి ఉద్యోగిని నమ్మించో, లంచమిచ్చో ఆ నంబరును వేరే సిమ్‌కు మార్పించుకుంటే మన కోడ్లన్నీ ఆ సిమ్‌కే వెళతాయి. 2019 ఆగస్టులో ట్విట్టర్ అధినేత జాక్ డోర్సీ ఖాతా నుంచే పిచ్చి రాతలు వెలువడ్డాయి. అప్పట్లో ఎస్ఎంఎస్ పంపి ట్వీట్ చేసే వీలుండేది. ఆయన నంబరు ఎవరికో చిక్కింది, అంతటితో పని జరిగిపోయింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఎస్ఎంఎస్‌ను ఆంక్షలతో వాడవలసిన పద్ధతిగా పేర్కొంది.

ఇవన్నీ తెలిసే మా పిన్నికి ఎస్ఎంఎస్ పద్ధతినే ఉంచాను.

ఆమె ఫోను పోగొట్టుకుంటుంది. మరిచిపోయి ఎక్కడో పెడుతుంది, నీళ్ళలో పడేస్తుంది, మనవడికి ఇస్తే వాడు రీసెట్ చేస్తాడు. "నువ్వు చెప్పేవన్నీ గుర్తుపెట్టుకునే వయసా నాది?" అంటుంది. ఆమెకు కోడ్ల యాప్ పెట్టడమంటే తలుపు బయట గొళ్ళెం పెట్టినట్టే. నంబరైతే, గుర్తింపు పత్రం పట్టుకుని వెళితే కొత్త సిమ్ మీద అదే నంబరు వస్తుంది. ఆమె లోపలికి తిరిగి రాగలిగే దారీ, దొంగ లోపలికి రాగలిగే దారీ ఒక్కటే. దాన్ని మూసేస్తే ఇద్దరికీ మూసుకుపోతుంది. ఆమె మీద ప్రత్యేకంగా కన్నేసి, టెలికాం ఉద్యోగిని కొనేంత శ్రమ పడే దొంగ ఉంటాడా? డబ్బు, పేరు, పదవి ఉన్నవాళ్ళ మీద అలాంటి శ్రమ పడతారు. పిన్ని మీదకు వచ్చేది గంపగుత్తగా లక్షల మందికి విసిరే వల. 2019లో గూగుల్ విడుదల చేసిన లెక్కల ప్రకారం, రికవరీ నంబరుకు పంపే ఎస్ఎంఎస్ కోడ్ యాంత్రికంగా జరిగే దాడులను పూర్తిగా, గంపగుత్త ఫిషింగ్‌ను (నకిలీ సందేశాలతో పాస్‌వర్డ్‌లు రాబట్టే మోసాన్ని) 96 శాతం, గురిపెట్టి చేసే దాడులను 76 శాతం ఆపింది. ఆ 76 నాకు సరిపోకపోవచ్చు. పిన్నికి ముఖ్యమైనది 96.

ఆమెకు అసలు ముప్పు వేరే ఉంది. "మీ ఖాతా ఆగిపోతుంది, కోడ్ వచ్చింది చూడండి, చదవండి" అని ఎవరైనా మర్యాదగా ఫోన్లో అడిగితే, మర్యాదగా చదివి వినిపించే తరం ఆమెది. కోడ్ ఎస్ఎంఎస్‌లో వచ్చినా, యాప్‌లో వచ్చినా చదవడానికి తేడా లేదు. ఈ విషయంలో రెండు పద్ధతులూ ఒకేలా పాడవుతాయి.

పాస్‌వర్డ్ నియమాల మీద నాకున్న కోపం పాతది. పెద్ద అక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలి, కొన్నాళ్ళకొకసారి మార్చాలి అనే ఆనవాయితీకి మూలం 2000 దశకం మొదట్లో నిస్ట్ వెలువరించిన పత్రం. దాన్ని రాసిన బిల్ బర్ 2017లో, తాను చేసిన దానిలో చాలాభాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికకు చెప్పాడు. ఎందుకు చింతించాడో ఏ ఆఫీసులో చూసినా తెలుస్తుంది. మార్చమన్న ప్రతిసారీ చివరి అంకె ఒకటి పెరుగుతుంది. పెద్ద అక్షరం ఎప్పుడూ మొదటే ఉంటుంది, గుర్తు ఎప్పుడూ చివరే ఉంటుంది, అది ఆశ్చర్యార్థకమే అయి ఉంటుంది. అదే ఏడాది నిస్ట్ తన సలహా తిరగరాసింది: గుర్తుల నిబంధన పెట్టవద్దు, గడువు పెట్టి మార్పించవద్దు, పొడుగు పాస్‌వర్డ్‌ను అనుమతించండి, ఇప్పటికే లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి చూడండి, బయటపడిందన్న ఆధారముంటేనే మార్పించండి. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో విండోస్ భద్రతా సిఫారసుల నుంచి గడువు నియమాన్ని తొలగించింది. అయినా నేను పరీక్షించే సాఫ్ట్‌వేర్‌లో ఆ పాత నియమాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. తీసేయమని రాస్తాను. "ఆడిట్‌లో అడుగుతారు" అని జవాబు వస్తుంది.

పాస్‌వర్డ్‌లు దాచే యాప్, అంటే పాస్‌వర్డ్ మేనేజర్ గురించి అడిగితే, వాడమనే చెబుతాను, 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్‌కు జరిగింది తెలిసి కూడా. ఆ ఏడాది దొంగలు వాడుకరుల ఖజానాల నకళ్ళను ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. ఎవరికి ఏ ఏ సైట్లలో ఖాతాలున్నాయో తెలిపే చిరునామాలు మాత్రం ఎన్‌క్రిప్ట్ కాలేదు. పైగా నకలు చేతికొచ్చాక దొంగకు తొందర లేదు. సర్వర్ అయితే కొన్ని తప్పుల తర్వాత ఆపేస్తుంది, తన దగ్గరున్న నకలు మీద ఎన్ని కోట్ల ప్రయత్నాలైనా చేసుకోవచ్చు. ఖజానా మొత్తాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలంగా ఉన్నవాళ్ళు నిశ్చింతగా ఉన్నారు, బలహీనమైనది పెట్టుకున్నవాళ్ళు అన్నీ మార్చుకోవలసి వచ్చింది. ఇంత జరిగినా మేనేజర్ వాడమనడానికి కారణం, లేనప్పుడు మనుషులు చేసేది ఏమిటో తెలుసు కాబట్టి. ఒకే పాస్‌వర్డ్ అన్ని చోట్లా పెడతారు. ఎక్కడో ఒక చిన్న సైటు లీకైతే అదే ఈమెయిల్‌నూ తెరుస్తుంది.

మాస్టర్ పాస్‌వర్డ్‌కు పాచికల పద్ధతి ఉంది. అయిదు పాచికలు వేస్తే 7,776 రకాలుగా పడతాయి, ఈ పద్ధతి కోసం తయారుచేసిన జాబితాలో అన్నే మాటలుంటాయి. పడ్డ అంకెల ప్రకారం ఆరు మాటలు ఏరుకుంటే చాలు, ఊహించడం అసాధ్యం, గుర్తుపెట్టుకోవడం మాత్రం సాధ్యం. తెలుగు మాటలతో చేద్దామని ఉబలాటపడకండి. ఇంగ్లిషు అక్షరాల్లో రాయవలసి వచ్చేసరికి, 'చ'కు హెచ్ పెట్టామా లేదా, దీర్ఘానికి ఒక ఏ రాశామా రెండా అన్నది ఆరు నెలల తర్వాత మనకే తెలియదు.

నోటుపుస్తకంలో పాస్‌వర్డ్‌లు రాసుకునేవాళ్ళను చూసి నవ్వడం ఒక అలవాటైపోయింది. మా పిన్ని పుస్తకంలో ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ ఉంది. నవ్వేవాళ్ళలో ఎంతమందికి ఉందో చెప్పమనండి.

అప్‌డేట్ల సంగతికి వస్తే, వెంటనే చేయాలా, ఆగాలా అన్నదానికి చరిత్ర రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న ప్రపంచాన్ని చుట్టేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది. రెండు నెలలు తీరిక దొరకనివాళ్ళ మీద పడింది ఆ దెబ్బ. ఇటువైపు చూస్తే, 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే తుడిచేసింది, కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, నవంబరులో మళ్ళీ ఇచ్చారు. ముందుగా ఉరికినవాళ్ళకు పడింది ఆ దెబ్బ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను, కంప్యూటర్ ఆగిపోయిందని చెప్పే నీలి తెరతో నిలబెట్టేసింది. కాపలా కాసే సాఫ్ట్‌వేరే యజమానిని బయటకు నెట్టేసింది.

మన భాషకూ ఈ చరిత్రలో ఒక పాత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక రకంగా కూర్చి ఐఫోనుకు పంపితే, దాన్ని చూపించబోయి ఆ యాప్ కూలిపోయేది. ఆ సందేశం ఉన్నంతసేపూ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. తెలుగు అక్షరాలు కూర్చడం కంప్యూటర్‌కు ఎంత కష్టమో ఆ వారం రోజులు ప్రపంచమంతా మాట్లాడుకుంది. పరీక్షకురాలిగా నాకు సిగ్గూ గర్వమూ కలిసి వచ్చాయి. ఇలాంటి సందర్భంలో ఆగి చూద్దాం అనేది మూర్ఖత్వమే.

నా లెక్క ఇది. బ్రౌజర్‌కూ, ఫోనుకూ వచ్చే నెలవారీ భద్రతా అప్‌డేట్లు వచ్చిన రోజే చేస్తాను, అవి చిన్నవి, అవి మూసే లోపాలు పెద్దవి. సంవత్సరానికొకసారి పేరు మార్చుకుని, రూపం మార్చుకుని వచ్చే పెద్ద వెర్షన్ల కోసం మాత్రం కొన్ని వారాలు ఆగుతాను, ముందు ఉరికినవాళ్ళ అరుపులు వినబడతాయి. పిన్ని ఫోనులో అన్నీ ఆటోమేటిక్. ఆమెకు ఆగి చూసే ఓపిక లేదు, ఎప్పటికీ చేయకపోవడానికి మాత్రం ఓపిక చాలా ఉంది.

క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతంలో చాలామంది గమనించని ఒక మలుపు ఉంది. ఆగిపోయిన కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలో) తెరిచి ఆ ఫైలును తీసేస్తే చాలు. విండోస్‌లో ఉండే బిట్‌లాకర్‌తో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నచోట, ఆ పని చేయడానికి 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఒక్కో యంత్రానికి ఒక్కో కీ. ఆ కీలు దాచిన సర్వరే నీలి తెర చూపిస్తూ కూర్చుంటే ఎవరిని అడగాలి?

ఇది ఆఫీసులకే పరిమితమైన బెడద అనుకోవద్దు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటర్‌ను సిద్ధం చేసుకుంటే చాలా యంత్రాల్లో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. కీ ఆ ఖాతాలో దాగుతుంది. ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే లోపలివి చదవలేరు, మంచిదే. తన డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిందనే తెలియనివాళ్ళు మాత్రం, ఏదో మరమ్మతు తర్వాత తెర మీద 48 అంకెలు అడిగినప్పుడు మొదటిసారి ఆ మాట వింటారు. ల్యాప్‌టాప్ కొన్న ప్రతివాళ్ళకూ నేను చెప్పే పని ఒకటే: ఈరోజే ఖాతాలోకి వెళ్ళి ఆ కీ ఉందో లేదో చూసుకోండి, కాగితం మీద దింపుకోండి.

వాట్సాప్ ఈ విషయంలో నిజాయితీగా ప్రవర్తించిందని చెప్పాలి. 2021లో బ్యాకప్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇచ్చినప్పుడు దాన్ని మన ఇష్టానికి వదిలేసింది. పెట్టుకుంటే అప్పట్లో పాస్‌వర్డ్ గానీ, 64 అంకెల కీ గానీ ఎంచుకోవలసి ఉండేది, అది పోతే తాము కూడా ఏమీ చేయలేమని ముందే చెప్పింది. ఆపిల్ 2022 డిసెంబరులో తెచ్చిన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ కూడా అంతే. మామూలుగా ఐక్లౌడ్ బ్యాకప్ తాళంచెవులు ఆపిల్ దగ్గరా ఉంటాయి, అందుకే మరిచిపోయినవాళ్ళకు సహాయం చేయగలుగుతుంది. ఈ సదుపాయం పెట్టుకుంటే ఆ తాళంచెవులు మన పరికరాల్లోనే మిగులుతాయి. నమ్మకమైన మనిషిని గానీ, రికవరీ కీని గానీ ఏర్పాటు చేసుకోకపోతే దాన్ని ఆన్ చేయనివ్వదు కూడా. అలా ముందే అడ్డుపడే తెరలు తయారుచేసినవాళ్ళంటే నాకు గౌరవం. పాత్రికేయులకు, వేధించే మనిషి నుంచి తప్పించుకుంటున్నవాళ్ళకు ఇవి తప్పనిసరి. మనవడి ఫోటోలు మాత్రమే దాచుకునేవాళ్ళకు, ఆ ఫోటోలు ఎవరైనా చూస్తారన్న భయం కంటే పోతాయన్న భయం పెద్దది. నా సందేశాల బ్యాకప్‌కు పెట్టుకున్నాను, పిన్నికి పెట్టలేదు.

ఫోటోలంటే గుర్తొచ్చింది. "క్లౌడ్‌లో ఉన్నాయి, బ్యాకప్ ఉన్నట్టే కదా" అంటారు. గూగుల్ ఫోటోస్‌లో ఫోను నుంచి ఒక ఫోటో చెరిపేస్తే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. బ్యాకప్ అయిన ఫోటో చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, ఆ తర్వాత లేదు. రెండు చోట్లా ఒకేలా ఉంచడం దాని పని, మన పొరపాటును కూడా అంతే శ్రద్ధగా రెండు చోట్లా ఉంచుతుంది. అందుకే అప్పుడప్పుడు అన్నిటినీ ఒక బయటి డిస్క్‌లోకి దింపి, తీగ పీకేసి అలమరలో పెడతాను. దింపాక యథాలాపంగా కొన్ని ఫైళ్ళు తెరిచి చూస్తాను. ఈ తెరిచి చూడటం నా వృత్తి నేర్పిన చాదస్తం అనుకునేవాళ్ళు 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థకు ఏమైందో తెలుసుకోవాలి. అలసిన ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్లోనే డేటాబేస్ ఫోల్డరును చెరిపేశాడు. వాళ్ళకు అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి, అందులో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని ఆ రాత్రే తెలిసింది. బ్యాకప్ విఫలమవుతోందని చెప్పే ఈమెయిళ్ళు కూడా మెయిల్ సర్వర్ తిప్పికొట్టడంతో ఎవరికీ అందలేదు. అదృష్టవశాత్తూ ఎవరో వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి దొరికింది. వాళ్ళు ఇదంతా దాచకుండా బయటపెట్టారు కాబట్టే మనకు తెలుసు.

బ్యాటరీ గురించి కూడా అడుగుతుంటారు, ఎనభై శాతం దగ్గర ఆపాలా అని. లిథియం అయాన్ బ్యాటరీలు నిండుగా ఉండిపోతే, వేడెక్కితే త్వరగా అరిగిపోతాయి, అది నిజం. రోజంతా తీగకు తగిలించి ఉండే నా ల్యాప్‌టాప్‌కు ఆ పరిమితి పెట్టాను. ఫోనుకు పెట్టలేదు. బ్యాటరీ పాడైతే కొత్తది వేయించుకోవచ్చు, సాయంత్రానికి ఫోను ఆగిపోతే ఆ సాయంత్రం తిరిగిరాదు. దీనికి ఇంతకంటే ఆలోచన అనవసరం.

ఇప్పుడు అందరూ పాస్‌కీలంటున్నారు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి 2022 మేలో వీటికి మద్దతు ప్రకటించాయి. పాస్‌వర్డ్ బదులు మన పరికరంలో ఒక రహస్య కీ ఉంటుంది, వేలిముద్రతోనో ముఖంతోనో దాన్ని వాడతాం. రహస్యం పరికరం నుంచి సైటుకు వెళ్ళదు, సైటు అడిగినదానికి ఆ రహస్యంతో చేసిన డిజిటల్ సంతకం మాత్రమే వెళుతుంది. ఏ సైటు కోసం తయారైందో ఆ చిరునామాలోనే పనిచేస్తుంది. చూడటానికి అచ్చం అలాగే ఉన్న దొంగ సైటులో మనం మోసపోయినా పాస్‌కీ మోసపోదు. ఫోన్లో చదివి వినిపించడానికి అంకెలే లేవు. పిన్నిలాంటివాళ్ళ కోసమే చేశారా అనిపిస్తుంది. పాడైతే? గూగుల్, ఆపిల్ వాటిని మన ఖాతాలో దాచి మన ఇతర పరికరాలకు పంపుతాయి, కాబట్టి ఫోను పోయినా పాస్‌కీ ఉంటుంది. ఆ ఖాతాలోకే వెళ్ళలేకపోతే మాత్రం అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే అన్నిటికంటే ముందు ఆ ఒక్క ఖాతాకు కాగితం మీద కోడ్లు, రెండో ఫోను నంబరు, ఇంకొక పరికరం ఉండాలంటాను.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. ఏదో యాప్ పాస్‌కీ పెట్టుకోమంటోందట.

"పెట్టుకో," అన్నాను. "పాస్‌వర్డ్ తీసేయమంటావా అని అడిగితే మాత్రం ఇప్పుడే వద్దను. నీ దగ్గర రెండో పరికరం లేదుగా."

"పాత ట్యాబ్లెట్ ఉందిగా?"

"దానికి అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైంది, పిన్నీ."

"అయితే ఏమిటి, పాటలు బాగానే వస్తున్నాయి," అంది.

ట్యాబ్లెట్‌ను ఇలాంటి పనికి నమ్మవచ్చో లేదో చెప్పాలంటే అందులో ఏ ఆండ్రాయిడ్ ఉందో చూడాలి. వెర్షన్ నంబరు ఎక్కడుంటుందో ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాను. సెట్టింగ్స్ తెరవగానే పిన్ని చదివిన మొదటి వాక్యం: "పాస్‌వర్డ్ నమోదు చేయండి అంటోంది. ఇది మీ బాబాయి పెట్టింది, ఆయన్నే అడగాలి."